దావా

సహమ్ ఊరి శివారు. సముద్రం రెండు మైళ్లు.
బావిల ఉప్పెక్కుతున్న తోట.
ఖర్జూరాల మొవ్వులు ఎండిపోయిన జాగాల
ఇప్పుడు జొన్న,
ముప్పై ఆరు మడులు, ముప్పై ఆరు రేకు బిళ్లలు.
నీళ్లు మళ్లించేది నేను.

నైజీరియా నుంచి నలుగురొచ్చిన్రు.
ఒకటే యూనివర్సిటీ, నాలుగు డిపార్ట్‌మెంట్లు.
ఒకాయన మట్టిని సీసాల పోసి ఊపుతడు.
ఒకాయన ఆకుకు క్లిప్పు పెట్టి
అదెంత ఊపిరి తీస్తదో రాసుకుంటడు.
కళ్లద్దాల పిలగాడు లెక్కల మనిషి,
బస్తాకెంత, కూలికెంత అని అడిగి
నా జవాబు నమ్మక మళ్ల అడుగుతడు.
నాలుగో ఆమె లాదిదీ మేడం.
మట్టి ముట్టదు, ఆకు ముట్టదు.
మాటలు ఏరుకుంటది.

మొదటి వారం వాళ్లల్ల వాళ్లకే పడలే.
మట్టాయనకు ఉప్పంటే అంకె.
ఆకాయనకు రోగం.
లెక్కల పిలగానికి నష్టం.
షెడ్డు నీడల చాయ్ మీద మీగడ కట్టేదాక కొట్లాట.
మోటరు బంద్ చేసి నేను విన్న.
నాకు ఉప్పంటే
పొద్దుమూకేసరికి అంగీ వీపు మీద తేలే తెల్లటి పటం.
అడగలే, చెప్పలే.

ఒకనాడు మేడం నా అరచేతిల గింజ పెట్టింది.
డ్రైవర్ ఖల్ఫాన్ నడుమ నిలబడి
ఆమె ఇంగ్లీషును హిందీలకు మోసిండు:
దీన్ని మీ దిక్కు ఏమంటరు?
జొన్న.
ఇంకా?
ఇంకా అంటే... పచ్చజొన్న, తెల్లజొన్న, పేలాల జొన్న,
మా ఆర్మూరు దిక్కు ఎర్రజొన్న,
అది మేం తినం, విత్తనానికి అమ్ముతం.
పాలకంకి కాల్చి నలిపితే ఊచబియ్యం.
పిట్టలు వాలితే మంచె మీద ఒడిసెల.
ఉడికితే గటక.
ఆమె పెన్ను ఆగలే.
ఆమె రాస్తుంటే, ఎన్నేండ్లుగానో నోట్లె ఎండిన మాటలకు
తడి తగిలినట్టయింది.

మరి మీ కాడ? అన్న.
“దావా.”

నవ్వబోయి ఆగిన.
మా కాడ దావా అంటే కోర్టు, మేడం.
రెండెకరాల పది గుంటల మీద
పదకొండేండ్లు నేను పండించింది వాయిదాలే.
ఆ దావా ఓడినంకనే ఈ వీసా.
ఖల్ఫాన్ అది మోసి మోసి నడుమల దించి,
“దవా అంటే మందు కదా” అనుకుంట
మోకాలు పట్టుకొని చూపించిండు, పూటకు రెండు గోళీలు.
ఒకలకు గింజ, ఒకలకు తగాదా, ఒకలకు మందు.
మేడం ముగ్గురి మాటనూ ఒకే కాగితం మీద రాసి
మడత పెట్టకుంట పట్టుకపోయింది.

తెల్లారి మట్టాయన సీసా లేకుంట వచ్చిండు.
ఉప్పు ముందెక్కడ తెలుస్తది నీకు?
నాలుక మీద మట్టి పెట్టుకొని చెప్పిన:
ఈ మడి ఇంకో కోత ఇస్తది, ఆ మడి ఇయ్యది.
వెనకనే మిషను పెట్టి చూసిండు.
పదకొండో మడి కాడ నేను తప్పిన.
నా తప్పును కూడ అంకేసి రాసుకున్నడు.
కోర్టుల నా ఒప్పును సుత
ఎవరూ గంత ఓపికగ రాసుకోలే.

పోయే ముందు పేర్ల జాబితా తెచ్చిన్రు.
నాలుగు పేర్లు, నాలుగు శాఖలు,
ఐదోది కొలిపాక నర్సింగం.
పక్క గడి ఖాళీ.
నన్ను ఏ శాఖల వేయాల్నో మళ్ల కొట్లాట.
మట్టి అని ఒకలు, మాట అని ఒకలు,
కూలి రేట్ల పట్టికల ఉన్నడు కదా అని పిలగాడు.
ఖల్ఫాన్ కీ తిప్పుకుంట, “నీళ్లు అని రాయుండ్రి” అన్నడు.

అట్లనే ఉండనియ్యుండ్రి అన్న.
మేం కూడ ఒక్కోపారి
ఒక మడిని పడావు పెడతం.

ఇంకేదో అడగబోయింది మేడం.
పన్నెండో మడికి తడి అందలేదింకా,
మోటరు ఏసే యాళ్లయింది.